రేవతి దాటేదాకా

దెయ్యాలున్నాయని నమ్మేవాడికి ఐసీయూలో ఉద్యోగం కుదరదు. పద్నాలుగేళ్లుగా నేను చేస్తున్నది ఆ ఉద్యోగమే. మంచం ఖాళీ అయిన కాసేపటికే దుప్పటి మార్చి ఇంకొకరిని పడుకోబెడతాం. అంతకుముందు అక్కడ ఎవరు పోయారో కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పం, మేమూ గుర్తుపెట్టుకోం. నిజంగా దెయ్యాలే ఉంటే మొదట పట్టాల్సింది మమ్మల్ని. నన్నెవరూ పట్టలేదు.

మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. చర్చికి పోయే కుటుంబం. తిథులు, నక్షత్రాలు, రాహుకాలాలు మా ఇంట్లో లేవు. పక్కింటివాళ్లు వర్జ్యం చూసుకుని ఊరికి బయల్దేరుతుంటే మా నాయన నవ్వేవాడు. ఆయన్ని చూసి నేనూ నవ్వేవాణ్ని.

ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను భయస్థుణ్ని కాను, భక్తుణ్నీ కాను. నాకు కాస్త చిరాకు ఎక్కువ, చేసిన ప్రతి పనికీ టైము రాసుకునే అలవాటు ఎక్కువ. ఈ కింద రాసిన టైములన్నీ ఆ రోజు నేను చిన్న నోటుబుక్కులో రాసుకున్నవే. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది.

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వెంటిలేటర్లు చూసే టెక్నీషియన్ని. ఆసుపత్రి పేరు చెప్పను. మా పనిలో ఒక భాగం గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు, అందుకని వివరంగా చెప్పాలి.

పేపర్లలో, టీవీ చర్చల్లో కారుణ్య మరణం అంటారు. ఇవ్వాలా వద్దా, ఎవరు నిర్ణయించాలి అని పెద్దపెద్దవాళ్లు వాదించుకుంటారు. బతికే ఆశ లేనివాళ్లకు యంత్రం తీసేయడానికి చట్టంలో ఒక దారుందని, దానికి డాక్టర్ల బోర్డులు కూర్చోవాలని, కాగితాలు నడవాలని మాకూ తెలుసు. మా ఆసుపత్రిలో ఆ బోర్డు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. జరిగేది వేరు. డాక్టరుగారు ఇంటివాళ్లను పిలిచి ఇక లాభం లేదంటారు. వాళ్లు ఏడ్చి, ఆలోచించుకుని, "డాక్టరు సలహాకు వ్యతిరేకంగా మా ఇష్టప్రకారం తీసుకెళ్తున్నాం" అన్న కాగితం మీద సంతకం పెడతారు. నోట్లో గొట్టం అలాగే ఉంచి, ఆ గొట్టానికి అంబు బ్యాగు తగిలించి, చేత్తో నొక్కుతూ మాలో ఒకరం అంబులెన్సులో వాళ్ల ఊరిదాకా వెళ్తాం. అంబు బ్యాగంటే రబ్బరు బుడగ లాంటిది, నొక్కితే గాలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో మంచం మీద పడుకోబెట్టాక, తులసినీళ్లు పోశాక, గొట్టం తీసేస్తాం. మేం దాన్ని ఇంటి ట్రిప్పు అంటాం.

ఆసుపత్రి కాగితంలో పేషెంటు ప్రాణంతో వెళ్లినట్టు ఉంటుంది. గొట్టం తీసింది ఎవరన్నది ఏ కాగితంలోనూ ఉండదు. మా డాక్టరుగారు మంచివాడే. ఒకసారి టీ తాగుతూ, "నేను తీస్తే చంపినట్టు, వాళ్లు తీసుకెళ్తే నేను వద్దన్నట్టు" అన్నాడు. నేను తీస్తే ఏమిటన్నది ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంటివాళ్లు ప్రతిసారీ నన్ను ఒకటే అడుగుతారు, ఆమెకు తెలుస్తుందా, ఆయనకు నొప్పి ఉంటుందా అని. నేను ప్రతిసారీ ఒకటే చెప్తాను. "ఏమీ తెలియదు. మెదడు పనిచేయడం లేదు కాబట్టి నొప్పి కూడా తెలియదు." ఆ మాట మీదే ఆ పని నడుస్తుంది. వాళ్లకే కాదు, నాకు కూడా.

చెంగమ్మ గారిది ఐరాల దగ్గర ఊరు. అరవై ఎనిమిదేళ్లు. ఊరగాయకు మామిడికాయలు కొడుతూ కొడుతూ పక్కకు ఒరిగిపోయిందట. మెదడులో రక్తం గడ్డకట్టింది. మా దగ్గరికి వచ్చేటప్పటికే స్పృహ లేదు. తొమ్మిది రోజులు మా దగ్గరుంది. ఆ తొమ్మిది రోజుల్లో ఆమె కన్ను తెరవలేదు, వేలు కదపలేదు. కంట్లో టార్చి వేస్తే పాప కదల్లేదు. సొంతంగా ఊపిరి తీస్తుందేమోనని డాక్టరుగారు రెండుసార్లు వెంటిలేటరు విప్పి చూశారు. ఛాతీ లేవలేదు. రెండుసార్లూ పక్కన నిలబడి గడియారం చూసింది నేనే. మెదడు పోయినట్టే అని ఆయన ఇంటివాళ్లకు నోటితో చెప్పాడు, కాగితం మీద మాత్రం రాయలేదు.

ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దది విజయ. మొగుడు వదిలేస్తే ఇరవై ఏళ్ల కిందట కుట్టుమిషను ఒకటి పట్టుకుని తల్లి దగ్గరికి వచ్చేసింది. అప్పట్నించీ తల్లీకూతుళ్లిద్దరే ఆ ఇంట్లో. చిన్నవాడు మోహన్, చిత్తూరులో అద్దెకుంటాడు, పెళ్లాం ఇద్దరు పిల్లలు.

వీళ్లిద్దరూ మా వరండాలో మూడు రోజులు వాదించుకున్నారు. వాళ్ల పెద్దమ్మ ఒకామె ఇలాగే గొట్టాలతో నెలరోజులు ఉండి పోయిందట. అది చూసొచ్చిన రోజు చెంగమ్మ విజయతో, "నాకు ఆ గొట్టాలు పెట్టద్దండి. నన్ను నా ఇంట్లో పోనియ్యండి" అనిందట. ఆ మాట పట్టుకుని విజయ ఇంటికి తీసుకుపోదామంది. మోహన్ ఒప్పుకోలేదు.

"ఎప్పుడో బాధలో అన్న మాట అక్కా. ఇప్పుడడిగితే బతకాలనే అంటుందేమో. మనమెట్ల తీసేది?"

"ఇప్పుడు అడిగే దోవ లేకనే కదా అప్పుడే చెప్పి పెట్టింది" అంది విజయ.

టీవీల్లో వాదించేదీ ఇదే కదా అనిపించింది నాకు. ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది. తొమ్మిదో రోజు పొద్దున బీపీ పడిపోవడం మొదలైంది. ఈ రోజు దాటదేమో, ఆసుపత్రిలోనే పోతుందేమో అన్నారు డాక్టరుగారు. అప్పుడు మోహన్ సంతకం పెట్టాడు.

సంతకం పెట్టిన పావుగంటకు మోహన్ మేనమామ నుంచి ఫోను వచ్చింది. ఆయన పేరు గోవిందస్వామి, చెంగమ్మ తమ్ముడు. అరవనాడులో గుడియాత్తం దగ్గర స్థిరపడ్డాడు. ఆ కుటుంబంలో మంచిరోజులు, చెడ్డరోజులు చూసేది ఆయనే. ఆ రోజు రేవతి నక్షత్రమని ఆయన చెప్పాడు.

నాకు మోహన్ వివరించాడు. కొన్ని నక్షత్రాల్లో ప్రాణం పోతే ఇంటికి దోషమట. ధనిష్ఠ నుంచి రేవతి దాకా ఉండే ఐదూ మరీ చెడ్డవట. అప్పుడు పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. అంటే తాళం వేసి, వాకిలికి ముళ్లకంప అడ్డంపెట్టి, దీపం కూడా పెట్టకుండా వదిలేయాలి. రేవతి మధ్యాహ్నం రెండూ పదికి అయిపోతుందని, తర్వాత అశ్విని వస్తుందని, అశ్వినిలో దోషం లేదని గోవిందస్వామి క్యాలెండరు చూసి చెప్పాడట.

"రెండూ పది దాకా మీరు గాలి కొడతానే ఉండాల సార్" అన్నాడు మోహన్.

నాకు ఒళ్లు మండింది. చావును నక్షత్రానికి సరిపెట్టడానికి నా చెయ్యి కావలసి వచ్చిందా అనుకున్నాను. పైకి సరేనన్నాను.

తొమ్మిదీ నలభైకి బయల్దేరాం. రెండు ఆక్సిజన్ సిలిండర్లు పెట్టుకున్నాం. ప్రయాణానికి వాడే చిన్న వెంటిలేటరు మాకొకటుంది కానీ దాన్ని ఇంటి ట్రిప్పులకు ఇవ్వరు. ఐదు సెకన్లకు ఒకసారి, నిమిషానికి పన్నెండుసార్లు, చేత్తోనే నొక్కాలి. చంద్రగిరి, పాకాల దాటేదాకా బాగానే పోయాం. పూతలపట్టు దాటాక గుజ్జు ఫ్యాక్టరీ ముందు మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డు సగం ఆక్రమించి బారుగా నిలబడి ఉన్నాయి. అక్కడ నలభై నిమిషాలు పోయాయి.

విజయ నాకెదురుగా కూర్చుని తల్లి కాళ్లు పట్టుకుని ఉంది. ట్రాక్టర్ల దగ్గర ఆగినప్పుడు అడిగింది.

"అన్నా, మా అమ్మకు తెలస్తా ఉంటిందా?"

"ఏమీ తెలియదమ్మా" అన్నాను. మెదడు గురించి కూడా చెప్పాను.

ఆమె తల ఊపింది. ఆ మాటతో ఆమె భుజాలు కొంచెం దిగాయి. అందరికీ అలాగే దిగుతాయి.

పన్నెండూ ఇరవైకి ఇల్లు చేరాం. వాకిట్లో చుట్టాలు ఉన్నారు, గుడియాత్తం నుంచి గోవిందస్వామి కూడా వచ్చేశాడు. మోహన్ ముందే ఫోన్ చేసి షామియానా వేయించినట్టున్నాడు. తల్లిని అందులో పడుకోబెడదామన్నాడు. ఇంటి చూరు బయట పోతే ఇంటికి దోషం తగలదు, నక్షత్రం కోసం కాచుకునే పన్లేదు అన్నది అతని ఆలోచన. నాకూ అదే మేలనిపించింది, నా చెయ్యి వదులుతుంది. విజయ గడపలో నిలబడింది.

"అమ్మ ఇంట్లో పోతానన్నింది. ఈదిలో పోతానని అన్లేదు మోహనా."

మోహన్ స్ట్రెచరు ముందువైపు పట్టుకున్నాడు. లోపలికి తీసుకెళ్లాం.

ముందు గదిలోనే మంచం వేశారు. మంచానికి ఆనుకుని కుట్టుమిషను. దాని పైన దండెం మీద కుట్టి ఇవ్వాల్సిన జాకెట్లు, ఒక్కోదానికి పేరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చి ఉంది. మంచం తలాపున నేను స్టూలు వేసుకుని కూర్చుని నొక్కుతున్నాను. అది చిన్న ఇల్లు. ఆ గది, వంటగది, వెనక దొడ్డి. అంతే.

కాసేపటికి చుట్టాలు బయట షామియానా కిందికి పోయారు. విజయ మిషను స్టూలు మీద కూర్చుంది. ఎవరితోనూ కాకుండా, నాతోనే అన్నట్టు మాట్లాడింది.

"నాకు నచ్చత్రం మింద నమ్మకమా లేదా అని కాదన్నా. ఊరోళ్లకు ఉండాది గదా. చెడ్డ నచ్చత్రంలో పోయిందంటే ఆరు నెల్లు ఈ వాకిలి మూయిస్తారు. మోహన్ ఇంట్లో రెండు రూములు, వాడి పెండ్లానికీ నాకూ పొసగదు. ఈ మిషను యాడ పెట్టుకోవాల? ఆరు నెల్లకు నా దగ్గర కుట్టించుకునేవోళ్లు ఎవురుంటారు?"

అప్పటిదాకా అది మూఢనమ్మకం అనుకున్నాను. అది ఆమె నెత్తిమీది ఇంటికప్పు అని అప్పుడు అర్థమైంది. పొద్దున పడ్డ చిరాకుకు సిగ్గనిపించింది.

ఒంటిగంటన్నరకు చెయ్యి మారుస్తూ మారుస్తూ నొక్కుతున్నాను. బొటనవేలి మొదట్లో కండ పట్టేసింది. మొదటి సిలిండరు దారిలోనే అయిపోయింది. రెండోదాని ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది. ఒక సంగతి ఇక్కడ దాచకుండా చెప్పాలి. సిలిండరు అయిపోయినా మామూలు గాలితో నొక్కుతూనే ఉండొచ్చు. అది నాకు తెలుసు. తర్వాత నేను నొక్కడం ఆపడానికి సిలిండరు కారణం కాదు.

రెండూ ఆరుకి, విజయ తులసినీళ్లు తేవడానికి దొడ్డిలోకి పోయింది. గదిలో నేనూ, చెంగమ్మ. బయట మోహన్, గోవిందస్వామి మాట్లాడుకుంటున్నారు, వాళ్ల గొంతులు నాకు వేరుగా తెలుస్తున్నాయి.

రెండు నొక్కులకు మధ్య, నా మోకాళ్ల దగ్గర, ఆమె తల ఉన్న చోటు నుంచి, ఒక ఆడగొంతు అంది.

"ఉండు నాయనా. ఇంకా పొద్దుండాది."

గుసగుస కాదు. మామూలు గొంతు. కొంచెం బొంగురు, మాట చివర సాగదీత. పనిచేసే మనిషిని తొందరపడొద్దని చెప్పినట్టు చెప్పింది.

నేను నొక్కడం ఆపలేదు. ముందు విజయేమోనని తల తిప్పి చూశాను. వెనక తలుపులోంచి దొడ్డి కనిపిస్తోంది, ఆమె తులసికోట దగ్గర వంగి ఉంది, నాకు వీపు చేసి. కిటికీ మూసి ఉంది. ఫోన్లు లేవు, టీవీ లేదు.

నా పని నేను చేశాను. గొంతులో గొట్టం చుట్టూ గాలి బుడగ ఒకటి ఉంటుంది, కఫ్ అంటాం. అది వదులైతే గాలి పక్కనుంచి పోయి గురగురమని శబ్దం వస్తుంది. అందులో గాలి ఉందో లేదో తెలిసేందుకు బయట వేలాడే చిన్న బుడగను వేళ్లతో నొక్కి చూశాను. గట్టిగా ఉంది. గాలి కారడం లేదు. అయినా కారితే శబ్దం వస్తుంది, మాట రాదు. గొట్టం స్వరపేటిక మధ్యలోంచి పోతుంది. పెదవులకు అడ్డంగా టేపు వేసి ఉంది. గొట్టం ఉన్న మనిషి మాట్లాడలేదు. స్పృహలో ఉన్నవాళ్లే మాట్లాడలేరు. కనురెప్ప ఎత్తి టార్చి వేశాను. పాప కదల్లేదు. పుస్తకంలో రాశాను: 2.06, కఫ్ సరిగా ఉంది, పాపలు మారలేదు. విన్న మాట రాయలేదు.

రెండూ పదికి గోవిందస్వామి గడప దగ్గరికి వచ్చాడు. చేతిలో ఫోను, అందులో వాళ్లింటి అరవ క్యాలెండరు చీటీ ఫోటో.

"రేవతి దాటిపోయె. ఇంగ కానీ తమ్ముడా."

విజయ తల్లి పెదవుల పక్కన తులసినీళ్లు పోసింది. మోహన్ పోశాడు. అందరూ నా వంక చూశారు. నేను నాలుగు నిమిషాలు ఊరికే నొక్కాను.

విన్న మాట ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. పోయినట్టే అన్న మనిషి మాట్లాడిందని ఇంటివాళ్లకు చెప్పే టెక్నీషియన్ని కాదలుచుకోలేదు. చెబితే మోహన్ మళ్లీ ఆసుపత్రికి పదమంటాడు. అక్కడ మళ్లీ తొమ్మిది రోజులు. ఆమె వద్దన్నది అదే కదా. ఇవన్నీ మంచి కారణాలే. చెయ్యి నొప్పి పుడుతోంది, అదీ కారణమే. డ్రైవరు వచ్చి ఒకసారి తొంగిచూసిపోయాడు, అదీ కారణమే.

రెండూ పద్నాలుగుకి టేపు విప్పి, కఫ్ గాలి సిరంజితో లాగి, గొట్టం తీసేశాను.

గొట్టం తీశాక ఏం జరుగుతుందో నాకు తెలుసు. కొందరికి ఏమీ ఉండదు. కొందరు కొన్ని ఎగఊపిర్లు తీస్తారు, మధ్యలో నిమిషం నిమిషం ఆగుతూ. పది, పదిహేను నిమిషాలు. అంతకుమించి నేను చూడలేదు.

చెంగమ్మ ఊపిరి తీసింది. ఐదు సెకన్లకు ఇంకొకటి తీసింది. ఇంకో ఐదు సెకన్లకు ఇంకొకటి. గడియారం పట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి పన్నెండు. పొద్దుట్నించీ నా చెయ్యి నొక్కిన వరసే అది. ఆసుపత్రిలో రెండుసార్లు విప్పి చూసినప్పుడు ఒక్కసారి కూడా లేవని ఛాతీ లేస్తోంది, దిగుతోంది.

అది తేలికైన ఊపిరి కాదు. మెడనరాలు తాళ్లలా లేచి నిలబడ్డాయి. ప్రతి ఊపిరికీ భుజాలు ఎగరేసి లాగుతోంది. నుదుటి మీద చెమట పట్టింది. విజయ కొంగుతో తుడుస్తుంటే మళ్లీ పట్టింది. పదిహేను నిమిషాలకు నేను అంబు బ్యాగుకు మాస్కు తగిలించి చేతిలోకి తీసుకున్నాను, పైనుంచైనా సాయం చేద్దామని. మోహన్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"తీసేసినాక మళ్లీ ఎందుకు సార్. కష్టపెట్టద్దు."

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. బ్యాగు కింద పెట్టేశాను.

మూడు గంటలైంది. మూడున్నరైంది. బయటివాళ్లు లోపలికి వచ్చి మంచం చుట్టూ కూర్చున్నారు. ప్రాణం పోకపోతే మనసులో ఏదో కోరిక ఉందంటారు కదా, ఒకావిడ పాలు పోసింది. మోహన్ తన పిల్లల్ని పలకరించమని ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు. ఇంకొకావిడ ఆమె తాళాలగుత్తి తెచ్చి చేతిలో పెట్టింది. దేనికీ మార్పు లేదు. ఐదు సెకన్లకొకటి, ఐదు సెకన్లకొకటి.

నాలుగు దాటింది. గోవిందస్వామి గోడకు ఆనుకుని నిలబడి చూస్తున్నాడు.

"రేవతి పోయి రెండు గంటలాయె. ఇంకా దేనికో కాసుకోనుండాది మాయక్క" అన్నాడు.

డ్రైవరు హారన్ కొట్టాడు. నేను పోలేదు. గొట్టం తీశాక పది నిమిషాలు ఆగి వెళ్లిపోవడం మాకు మామూలే. ఆ రోజు కదలబుద్ధి కాలేదు.

నాలుగూ ఇరవై ఆరుకి ఒక ఊపిరి తీసి, వదిలి, మళ్లీ తీయలేదు. అంతకుముందు తడబాటు లేదు, తగ్గడం లేదు. చేస్తున్న పని అయిపోయినట్టు ఆగింది. నాడి చూశాను, పాప చూశాను, టైము రాశాను.

మర్నాడు పగలు పదకొండుకు డ్యూటీలో ఉండగా మోహన్ ఫోన్ చేశాడు.

"సార్, అమ్మ కరెక్టుగా ఎన్నింటికి పోయింది? నాలుగున్నరకని నేను చెప్తే అయ్యవారు సరిగ్గా కనుక్కోమంటా ఉండాడు."

పుస్తకం తీసి నాలుగూ ఇరవై ఆరని చెప్పాను. ఆ టైము అవతల ఎవరికో గట్టిగా చెప్పాడు.

తర్వాత నాకు సంగతి చెప్పాడు. దినాలు పెట్టడానికి పిలిచిన అయ్యవారు తెలుగు పంచాంగం చూశాడట. రేవతి రెండూ పదికి కాదు, నాలుగూ ఇరవై ఒకటి దాకా ఉందట. గోవిందస్వామి చూసింది అరవ క్యాలెండరు. వాళ్ల గణితం వేరు, మన గణితం వేరు, కొన్ని రోజుల్లో గంటలకు గంటలు తేడా వస్తుందని అయ్యవారు చెప్పాడట. సరిహద్దు ఊళ్లలో పెళ్లి ముహూర్తాలకు రెండూ పోల్చుకుని చూస్తారు. ఆ రోజు ఆ కంగారులో ఎవరికీ తోచలేదు. ఊళ్లో లెక్క తెలుగు పంచాంగానిదే.

"ఐదు నిమిషాలు సార్" అన్నాడు మోహన్. "అమ్మ ఐదు నిమిషాల ముందు పోయుంటే అక్కకు ఇల్లు లేదు."

నాలుగూ ఇరవై ఒకటి అన్న సంగతి ఆ రోజు ఆ ఇంట్లో ఎవరికైనా తెలుసా అని అడిగాను. ఎవరికీ తెలియదన్నాడు. ఎందుకు సార్ అన్నాడు. ఊరికే అన్నాను.

ఇంతవరకైతే కాకతాళీయం అనుకుని ఊరుకునేవాణ్నేమో. మెదడు కింది భాగంలో కొంచెం ప్రాణం మిగిలి ఉండొచ్చు, గొట్టం తీసిన అదురుకు ఊపిరి అందుకుని ఉండొచ్చు, మా డాక్టరుగారు అదే అన్నాడు. గొంతు విన్నది కూడా అలసిపోయిన చెవుల పనే అని నన్ను నేను ఒప్పించుకున్నాను. నాలుగు గంటలు అదేపనిగా నొక్కినవాడికి ఏదైనా వినిపిస్తుంది.

దినాలు అయిన వారానికి విజయ ఆసుపత్రికి వచ్చింది, కేసు కాగితాలు తీసుకోవడానికి. నన్ను వెతుక్కుని వచ్చింది. మిషను మళ్లీ మొదలుపెట్టానని చెప్పింది. పనిలో పనిగా తన ఫోను నా చేతిలో పెట్టింది. ఫోను మార్చాలట, అందులో వాళ్లమ్మ పంపిన వాయిస్ మెసేజీలు పోకుండా దాచుకునే దోవ చెప్పమంది. ఏవో చూద్దామని ఒకటి నొక్కాను.

"విజయా, వచ్చేటప్పుడు తెల్లదారం ఉండ తీసుకోని రా. మర్సిపోతావు, సూసుకో."

కొంచెం బొంగురు. మాట చివర సాగదీత.

చెంగమ్మ మా దగ్గరికి వచ్చేటప్పటికే స్పృహలో లేదు. ఆమె గొంతు నేను వినడానికి అవకాశమే లేదు. ఆ ఫోను నేను పట్టుకోవడం అదే మొదటిసారి. రెండూ ఆరుకి నేను విన్న గొంతు అదే. ఒకసారి కాదు, నాలుగుసార్లు వేసి విన్నాను. విజయ నా ముఖం చూస్తూ ఉంది.

"అన్నా, ఒకటడగతా. ఆ రెండు గంటలు అమ్మ అట్ల లాగింది గదా. నొప్పి తెలిసిందా?"

పద్నాలుగేళ్లుగా చెప్తున్న మాట నోటిదాకా వచ్చింది. ఏమీ తెలియదమ్మా, మెదడు పనిచేయడం లేదు కాబట్టి. అది చెప్పాలంటే నేను విన్నది అబద్ధం కావాలి. నేను విన్నది నిజమైతే ఆమెకు అన్నీ తెలుసు. నక్షత్రం తెలుసు, కూతురి ఇల్లు తెలుసు, నా చెయ్యి నొప్పి పుట్టడం కూడా తెలిసే ఉండాలి. ఉండమని అడిగింది. నేను ఉండలేదు. ఇంకో రెండు గంటలు నా చెయ్యి తేలిగ్గా చేసి ఉండాల్సిన పనిని, మెడనరాలు తెంచుకుంటూ ఆమె చేసుకుంది.

"తెలిసి ఉండదమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. ఈసారి భుజాలు దిగలేదు. ఫోను తీసుకుని వెళ్లిపోయింది. విన్న మాట ఆమెకు చెప్పలేదు. చెప్పడం ధర్మమో, చెప్పకపోవడం ధర్మమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ మధ్యాహ్నం మాట్లాడింది ఎవరో, ఎలాగో నాకు తెలియదు. తెలిసినవాళ్లను అడిగాను. డాక్టర్లు ఒకటి చెప్పారు, మా పాస్టరుగారు ఒకటి చెప్పారు. ఏదీ ఆ గొంతుకు సరిపోలేదు. రాత్రిళ్లు నన్ను పీడించేది ఆమె కూడా కాదు. ఆమెకు ముందు నేను గొట్టాలు తీసినవాళ్లు. వాళ్లలో ఎవరైనా ఏమైనా అన్నారేమో, అంబులెన్సు చప్పుడులోనో, ఏడుపుల్లోనో నాకు వినపడలేదేమో.

ఇంటి ట్రిప్పులు మానేయలేదు. నేను కాకపోతే ఇంకొకరు వెళ్తారు, వాళ్లకు నాకన్నా తొందర ఎక్కువ. ఆమెకు ఏమీ తెలియదన్న మాట మాత్రం ఎవరికీ చెప్పడం లేదు. టేపు విప్పేముందు ఇంటివాళ్లను ఒక నిమిషం బయటికి పంపి, చెవి దగ్గర నోరు పెట్టి "తీసేదా?" అని అడుగుతాను. బదులు కోసం నొక్కుతూ కూర్చుంటాను.

ఇప్పటిదాకా ఎవరూ మాట్లాడలేదు. అది సరేనని అర్థమో, వద్దని అర్థమో నాకు తెలియదు. కాసేపు చూసి తీసేస్తాను.